వికటకవిని వెనక్కి తిప్పితే: తెలుగు అక్షరాలు, యంత్రపు అంకెలు

కిందటి శీతాకాలపు సెలవులకు ముందు మా అమ్మాయి బడి నుంచి ఒక చిన్న అభ్యాసం తెచ్చుకుంది. ఇచ్చిన మాటను తిరగేసి చదివినా అదే మాట వస్తుందో లేదో చెప్పే ప్రోగ్రాము పైథాన్‌లో రాయాలి. రెండు పంక్తుల పని. లెవెల్, మేడమ్, రేస్‌కార్ అన్న ఇంగ్లీషు మాటలకు ప్రోగ్రాము ‘ట్రూ’ అన్నది. ఇలాంటప్పుడు తెలుగింటి తండ్రి ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. తెనాలి రామకృష్ణుడికి కాళికాదేవి ఇచ్చిన బిరుదు కథ చెప్పి, ‘వికటకవి’ అని టైపు చెయ్యమన్నాను. ప్రోగ్రాము ‘ఫాల్స్’ అన్నది. అమ్మాయి కాసేపు తెర వైపు చూసి, “నాన్నా, కథ తప్పేమో” అన్నది.

కథ తప్పు కాదని నిరూపించడానికి మొదలుపెట్టిన పని చాలా దూరం తీసుకుపోయింది. యూనికోడ్ పట్టికను ఇంజనీర్ల పత్రంగానే చూడడం మనకు అలవాటు. దానిని తెలుగు లిపి మీద రాసిన ఒక వ్యాకరణ గ్రంథంగా చదివితే ఎలా ఉంటుంది? ఏది అక్షరం, ఏది కాదు, ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నలకు ఆ గ్రంథం ఏ జవాబులు ఇచ్చింది? వాటిలో మనవి ఎన్ని, అరువు తెచ్చుకున్నవి ఎన్ని? ఈ వ్యాసం ఆ చదువుకు ఒక ప్రయత్నం.

పైథాన్‌లో ‘ఆర్డ్’ అని ఒక ఫంక్షన్ ఉంది. దానికి ఒక అక్షరం ఇస్తే ఆ అక్షరానికి కేటాయించిన సంఖ్యను ఇస్తుంది. ‘సిహెచ్‌ఆర్’ అనే ఇంకో ఫంక్షన్ సంఖ్యను తీసుకుని అక్షరాన్ని ఇస్తుంది. క ఇస్తే 3093 వస్తుంది, 3093 ఇస్తే క వస్తుంది. అ 3077, మ 3118, హ 3129. ‘వికటకవి’ని ఇలా ఒక్కొక్కటిగా అడిగితే వచ్చే వరుస: 3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135. మనకు అయిదు అక్షరాలు, యంత్రానికి ఏడు సంఖ్యలు. ఇందులో 3135 అన్నది గుడి. వరుసను తిరగేస్తే గుడి మొదటికి వస్తుంది. ఏ హల్లుకూ అంటని ఒక గుడి, దాని వెనక ‘వకటకివ’. కాళికాదేవి అక్షరాలను తిప్పింది, పైథాన్ సంఖ్యలను తిప్పింది. తేడా అంతే.

ఆ తర్వాత అమ్మాయి తనకు తెలిసిన మాటలన్నీ ఇచ్చి చూసింది. జలజ, నటన, సరస, మడమ అన్నింటికీ ‘ట్రూ’ వచ్చింది. పులుపు, కునుకు, మిసిమి, ముత్యము అన్నింటికీ ‘ఫాల్స్’ వచ్చింది. ఈ విభజన యాదృచ్ఛికం కాదు. మొదటి జాబితాలో ఉన్నవన్నీ తలకట్టు అక్షరాలే. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

కటపయాది

అక్షరాన్ని అంకెగా మార్చడం మన సంప్రదాయానికి కొత్త కాదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న వారందరికీ కటపయాది పద్ధతి తెలుసు. క, ట, ప, య అనే నాలుగూ 1. అక్కడి నుంచి వరుసగా ఖ 2, గ 3 అని లెక్కపెట్టుకుంటూ పోవాలి. మేళకర్త పేరులో మొదటి రెండు అక్షరాల అంకెలు తీసుకుని తిరగవేస్తే ఆ రాగం సంఖ్య వస్తుంది. మాయామాళవగౌళలో మ 5, య 1, తిరగవేస్తే 15. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, అంటే 29. మేచకల్యాణి 65.

ఈ పద్ధతికీ ‘ఆర్డ్’కూ ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. కటపయాదిలో నాలుగు అక్షరాలకు ఒకే అంకె ఉండవచ్చు. అందువల్ల అంకె నుంచి వెనక్కి అక్షరానికి రాలేము. అలా రావడం ఆ పద్ధతి ఉద్దేశమూ కాదు. అంకెను గుర్తుపెట్టుకోవడానికి అర్థవంతమైన మాటను కట్టుకునే స్వేచ్ఛ అందులో ఉంది. ‘ఆర్డ్’ మాత్రం రెండు వైపులా నడవాలి, ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య ఉండాలి.

అయితే రెండింటినీ ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒకటే: సంయుక్తాక్షరాన్ని ఎలా లెక్కపెట్టాలి? కటపయాది సామాన్య నియమం ప్రకారం చివరి హల్లునే తీసుకోవాలి, అచ్చుకు లెక్క లేదు. ఆ నియమం పాటిస్తే చక్రవాకంలో చ 6, క్రలోని ర 2, తిరగవేస్తే 26 రావాలి. కాని 26 చారుకేశిది. చక్రవాకం 16వ మేళం, అంటే అక్కడ రేఫను వదిలి కకారాన్ని లెక్కించారు. దివ్యమణి 48 కావడానికీ అదే కారణం, వ్యలో వకారాన్నే పట్టుకున్నారు. వత్తును అక్షరంలో భాగంగా చూడాలా, వేరే అక్షరంగా చూడాలా అన్న సందేహం కంప్యూటరుతో పుట్టినది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

పట్టిక ఎక్కడి నుంచి వచ్చింది

1963లో మొదటిసారి ప్రకటించిన ఆస్కీ ప్రమాణంలో 128 స్థానాలు ఉన్నాయి. ఇంగ్లీషు పెద్దబడి ఎ 65, చిన్నబడి ఎ 97. రెంటికీ భేదం 32, అంటే ఒక్క బిట్టు. అమెరికాలో తంతివార్తల యంత్రాల కోసం చేసిన ఆ ఏర్పాటులో మన లిపికి చోటు లేదు. చోటు లేని చోట మన వాళ్ళు ఏం చేశారన్నది ప్రవాసాంధ్రుల చరిత్రలో ఒక ముచ్చటైన అధ్యాయం. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టిఎస్ పద్ధతిలో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. చిన్నబడి టి అంటే త, పెద్దబడి టి అంటే ట. పెద్దబడి ఎ దీర్ఘం. తొంభైలలో ఇంటర్నెట్టు చర్చావేదికల్లో పద్యాలూ, వాదాలూ, తిట్లూ అన్నీ ఈ వేషంలోనే నడిచాయి. ఇంగ్లీషువారికి పెద్దబడి, చిన్నబడి ఒకే అక్షరానికి రెండు రూపాలు. వెతికే యంత్రాలు వాటి భేదాన్ని 32 కలిపి చెరిపేస్తాయి. ఆర్‌టిఎస్‌లో రాసిన ‘పాట’ను అలా చెరిపితే మిగిలేది ‘పత’.

భారతదేశంలో ఈ సమస్యకు వెతికిన పరిష్కారం ఇస్కీ. ఐఐటి కాన్పూర్‌లోనూ, తర్వాత పుణెలోని సీడాక్‌లోనూ జరిగిన పని దీనికి ఆధారం. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దీనిని ఐఎస్ 13194గా ప్రకటించింది. దీని మూలసూత్రం గొప్పది: బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నిటికీ వర్ణమాల ఉమ్మడిది కనుక, కకారానికి ఏ లిపిలోనైనా ఒకే సంఖ్య ఉండాలి. అదే 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పు ఇస్కీ 1988 నాటి రూపాన్ని తీసుకుని, ఒక్కో లిపికి 128 గదుల వీధి ఒకటి ఇచ్చింది. తెలుగు వీధి 3072తో మొదలై 3199తో ముగుస్తుంది. ఉమ్మడి వరుస చెడలేదు కనుక తెలుగు క 3093 అయితే, కన్నడ క దానికి సరిగ్గా 128 తర్వాత 3221 దగ్గర, తమిళ క 128 ముందు 2965 దగ్గర, నాగరి క 768 ముందు 2325 దగ్గర ఉన్నాయి.

ఈ ఏర్పాటు వల్ల నేను స్వయంగా పొందిన మేలు ఉంది. కన్నడ లిపిలో ఉన్న ఒక పాఠాన్ని తెలుగు లిపిలో చదువుకోవలసి వచ్చినప్పుడు ఒక్కో సంఖ్య నుంచి 128 తీసివేసే చిన్న ప్రోగ్రాము సరిపోయింది. హళగన్నడంలోని ఴకారం దగ్గర మాత్రం అది తడబడింది. తెలుగు ఴ 3124లో ఉంది, కన్నడ ఴ మాత్రం వరుస తప్పి 3294లో ఉంది. 128 తీసివేస్తే మన వీధిలో ఖాళీ గదికి చేరతాము. పైగా పట్టికలో ఆ కన్నడ అక్షరానికి పొరపాటున ‘ఫ’ అని పేరు పెట్టారు. ఒకసారి పెట్టిన పేరును, ఇచ్చిన సంఖ్యను ఎన్నటికీ మార్చకూడదన్నది యూనికోడ్ నియమం. అందుకని సవరణను మారుపేరుగా చేర్చి, తప్పును అలాగే ఉంచారు. శాసనంలో చెక్కిన తప్పు వంటిదే ఇదీ.

ఉమ్మడి కాపురానికి చెల్లించిన మూల్యమూ ఉంది. మన వీధిలో 3085, 3089, 3113 అనే గదులు ఖాళీ. నాగరిలో వాటికి దీటైన చోట్ల అక్షరాలు ఉన్నాయి, మనకు వాటితో పని లేదు. అదే సమయంలో మనకు అవసరమైన ౘ, ౙ లకు 1991లో గది దొరకలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50 వర్ణాలు, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 అని లెక్క చెప్పాడు. ఆ 36లో దంత్య చ, జలు ఉన్నాయి. బ్రౌన్ నిఘంటువు వాటిని ప్రత్యేకమైన గుర్తుతో ముద్రించింది. తెలుగుకు కావలసిన ధ్వనులు ఇవి. నాగరికి లేవు గనుక ఉమ్మడి జాబితాలో లేవు. జాబితాలో లేవు గనుక యంత్రంలో లేవు. 2008లో యూనికోడ్ 5.1 కూర్పుతో 3160, 3161 గదుల్లోకి వచ్చాయి, అంటే పదిహేడేళ్ళు ఆలస్యంగా, ఊరి చివర. సంఖ్యల వరుసలో మాటలను పేర్చితే హేమంతం వెళ్ళిపోయిన తర్వాత గాని ౘలి రాదు. చలి అని వెతికితే ౘలి దొరకదు, ఎందుకంటే పట్టిక దృష్టిలో రెంటికీ ఏ చుట్టరికమూ లేదు.

వరుసలో ఇంకో వింత ఉంది. బాలశిక్షలో య, ర, ల, వ, శ, ష, స, హ అయ్యాక ళ వస్తుంది. పట్టికలో ల 3122, ళ 3123, వ 3125. అందువల్ల ‘కవి’ కంటే ‘కళ’ ముందు వస్తుంది. ఇది తెలుగు వరుస కాదు, తమిళ వరుసా కాదు. అందరికీ ఉమ్మడిగా వేసిన వరుస, ఎవరి బడిలోనూ యథాతథంగా చెప్పనిది. అయినా ఒక విషయంలో ఈ వరుస చాలా తెలివైనది. గుణింతపు గుర్తులన్నీ హల్లుల తర్వాత, పొల్లు ఆ గుర్తులన్నిటి తర్వాత 3149లో ఉన్నాయి. అందువల్ల కల, కాకి, కిరణం, కౌలు, క్రమం అన్న మాటలు నిఘంటువులో వచ్చే క్రమంలోనే కూర్చుంటాయి. ఆ చోట్లు ఎంచినవారికి మన నిఘంటువులు తెలుసు.

తలకట్టు

నా అభిప్రాయంలో ఈ పట్టిక చేసిన అతి పెద్ద సైద్ధాంతిక నిర్ణయం ౘకారం విషయంలో కాదు, తలకట్టు విషయంలో. మన బడుల్లో కకు తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి అని చెప్పించేవారు. తలకట్టు కూడా ఒక గుర్తే. దీర్ఘమో గుడో ఇచ్చినప్పుడు అది పోయి ఇది వస్తుంది. వ్యాకరణమూ ఇదే చెబుతుంది: క అంటే క్ అనే హల్లు, దాని మీద అ అనే అచ్చు. యూనికోడ్ దీనికి ఎదురు తిరిగింది. అందులో క అన్నది ఒక్క సంఖ్య, విడదీయరానిది. క్ రాయాలంటే 3093 తర్వాత 3149 చేర్చాలి. వ్యాకరణంలో సరళమైన హల్లు యంత్రంలో రెండు సంఖ్యలైంది, వ్యాకరణంలో రెండు వర్ణాలైన అక్షరం యంత్రంలో ఒకటైంది. తక్కిన అచ్చులకు మాత్రం రెండేసి సంఖ్యలు ఉన్నాయి, మాట మొదట నిలిచేటప్పుడు ఒకటి, హల్లును ఆశ్రయించేటప్పుడు ఒకటి. ఆ 3078, దీర్ఘం 3134. ఇ 3079, గుడి 3135. ఉ 3081, కొమ్ము 3137. ఔ 3092, ఔత్వం 3148. ఏ జంట తీసుకున్నా భేదం 56. ౠ, ఌ అనే అరుదైన అక్షరాల దగ్గరే ఈ లెక్క తప్పుతుంది.

మరి అకు 56 కలిపితే? 3133. తలకట్టు ఉండవలసిన గది అది. 2008 వరకు ఖాళీగానే ఉంది. ఆ యేడు అందులోకి వచ్చినది అవగ్రహం, అంటే లోపించిన అకారానికి గుర్తు. నాగరి పట్టికలో అవగ్రహం ఉన్న చోటే మనకూ ఇచ్చారన్నది దీనికి కారణం. అది తెలిసీ, లేని అకారపు ఇంట్లో లోపించిన అకారాన్ని కాపురం పెట్టిన ఈ ఏర్పాటు చూసి నేను కొంతసేపు నవ్వుకున్నాను.

ఇందులో వినోదం కంటే చిక్కు ఎక్కువ. సంధి చేసే ప్రోగ్రాము రాయబోతే అది తెలుస్తుంది. ఉత్వసంధిలో ముందు మాట చివరి ఉకారం పోయి, తర్వాతి అచ్చు దాని చోట నిలుస్తుంది. ‘వాడు’, ‘ఎవడు’ కలిపితే 3137 తీసేసి, 3086కు 56 కలిపి 3142 చేస్తే ‘వాడెవడు’ వస్తుంది. చక్కగా ఉంది. ‘ఏమి’, ‘అంటివి’ దగ్గరికి వస్తే పని మారిపోతుంది. గుడి తీసేయాలి, రెండో మాటలోని అకారానికి గుర్తు లేదు కనుక దాన్నీ తీసేయాలి. వ్యాకరణంలో ఒకే సూత్రపు ధోరణి అయినది ప్రోగ్రాములో రెండు దారులైంది. ప్రతి సంధికీ, ప్రతి సమాసానికీ, ఛందస్సు లెక్కకూ ఈ రెండో దారి వెయ్యాలి. తెలుగు భాషాశాస్త్రం మీద యంత్రాలతో పనిచేసేవారు చాలామంది పాఠాన్ని ముందు డబ్ల్యుఎక్స్ వంటి వర్ణలిపిలోకి మార్చుకుని, పని ముగిశాక మళ్ళీ యూనికోడ్‌లోకి తెచ్చుకునేది ఇందుకే. వర్ణలిపిలో అకారం అకారంగా కనిపిస్తుంది.

జలజ, నటన ఎందుకు నెగ్గాయో ఇప్పుడు చెప్పవచ్చు. తలకట్టుకు సంఖ్య లేదు కనుక అక్కడ ఒక అక్షరం అంటే ఒకే సంఖ్య, తిరగేసినా ఊడిపోయేదేమీ లేదు. ఇంకో నిదర్శనం చూడండి. ఒక మాటలో ఉన్నవన్నీ అక్షరాలేనా అని అడగడానికి పైథాన్‌లో ‘ఇజ్ ఆల్ఫా’ అని ఒక పరీక్ష ఉంది. ‘జలజ’ అక్షరాల మాటేనని అది ఒప్పుకుంటుంది. ‘తెలుగు’ అక్షరాల మాట కాదంటుంది. ఎత్వమూ, కొమ్మూ యూనికోడ్ వర్గీకరణలో అక్షరాలు కావు, అక్షరాలకు తగిలించే చిహ్నాలు. పైథాన్‌తో పాటు వచ్చే పదశోధన పనిముట్టు అదే వర్గీకరణను నమ్ముకుని, ‘తెలుగు’ అనే మాటను త, ల, గ అని మూడు ముక్కలు చేస్తుంది. ఇంగ్లీషులో ఉచ్చారణ కోసం అక్షరం మీద పెట్టే గీతలూ చుక్కలూ ఎటువంటివో, మన గుణింతమూ అటువంటిదేనని అనుకోవడంలో ఉంది ఈ తప్పు. దీనిని సరిచేసే వేరే పనిముట్లు దొరుకుతాయి. కాని మొదటి పాఠం నేర్చుకునే పిల్లల చేతిలో ఉండేవి అవి కావు.

స్త్రీ ఎన్ని?

‘స్త్రీ’ అన్న మాట తీసుకుందాం. ఛందస్సులో ఒకే అక్షరం, గురువు. పైథాన్‌లో పొడవు అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. నిల్వచేసే చోట అడిగితే 18 బైట్లు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యుటిఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు వీధిలోని ప్రతి సంఖ్యకూ మూడేసి బైట్లు. క అంటే 224, 176, 149. పాత మెయిళ్ళలో తెలుగు బదులు నెత్తిన ఏటవాలు గీత ఉన్న ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన లావుపాటి చుక్క బారులు తీరి కనిపించేవి కదా, అవి ఈ మూడు బైట్లే. మూడింటినీ కలిపి చదవవలసిన యంత్రం విడివిడిగా చదివిందన్నమాట.

ఈ లెక్కలు కేవలం కుతూహలం కోసం కాదు. ఎస్సెమ్మెస్ ఇంగ్లీషులో 160 అక్షరాలైతే తెలుగులో 70 సంఖ్యలే. శ్రీలక్ష్మీప్రసన్న అనే అమ్మాయి పేరులో ఆరు అక్షరాలు, 18 సంఖ్యలు, 54 బైట్లు ఉన్నాయి. పేరుకు 50 బైట్ల గడి చాలని ఒక దరఖాస్తు తయారుచేసినవాడు అనుకుంటే ఆ పేరు చివర తెగుతుంది. తెగేది కూడా అక్షరం దగ్గర కాదు, ఒక సంఖ్య మూడు బైట్ల మధ్యలో.

ఆరుకూ ఒకటికీ నడుమ ఇంకో జవాబు చాలాకాలం నడిచింది. చదువరికి ఒక్కటిగా కనిపించేదాన్ని గుర్తించడానికి యూనికోడ్ వేరే నియమావళి పెట్టింది. తెరమీద బాణం మీట నొక్కినప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పేది అదే. దాని ప్రకారం గుణింతపు గుర్తూ, పొల్లూ ముందున్న హల్లుతో కలిసిపోతాయి, పొల్లు తర్వాతి హల్లు మాత్రం కొత్త గుంపు. అప్పుడు స్త్రీ మూడు ముక్కలు: స్, త్, రీ. 2023లో వచ్చిన 15.1 కూర్పు ఈ నియమాన్ని మార్చి తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో హల్లు, పొల్లు, హల్లు వరుసను విడదీయకూడదన్నది. అప్పటికి గాని పట్టిక లెక్కలో స్త్రీ ఒకటి కాలేదు. ఒకే మాటకు 18, 6, 3, 1 అని నాలుగు జవాబులు. నన్నయ కాలం నుంచి పద్యం రాసిన ప్రతివాడికీ తెలిసిన నాలుగో జవాబు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.

తమిళులు ఈ బాధను వేరే దారిన తీర్చుకోచూశారు. ప్రతి ఉయిర్‌మెయ్ అక్షరానికీ ఒక్కో సంఖ్య ఉండాలని వాదించి, అటువంటి పదహారు బిట్ల పద్ధతిని 2010లో తమిళనాడు ప్రభుత్వం చేత ఆమోదింపజేసుకున్నారు. కొరియా వారికి యూనికోడ్‌లోనే 11,172 పూర్తి అక్షరాలు ఉన్నాయి. తెలుగుకు ఆ దారి పనికిరాదని నేననుకుంటాను. 36 హల్లుల మీద 36 వత్తులు, వాటి మీద పదహారు గుణింతాలు వేసుకుంటే ఇరవై వేలు దాటుతాయి, రెండో వత్తు ఇంకా రాకముందే. పొల్లును కీలుగా వాడి అక్షరాలను అతికించే పద్ధతి మన లిపికి తగినదే. అతికినదాన్ని అక్షరం అని పిలవడానికి నిరాకరించడంలోనే పొరపాటు ఉంది.

కనిపించేది, ఉన్నది

కిందటి ఏడాది ఒక పాత పత్రిక సంచికలకు పదసూచి తయారుచేస్తుంటే ‘అందరూ’ అన్న మాట రెండు చోట్ల రెండు మాటలుగా లెక్కకు వచ్చింది. తెరమీద రెండూ ఒకటే. సంఖ్యలు తీసి చూస్తే ఒక దానిలో సున్న 3074, ఇంకొక దానిలో 3174. మొదటిది అనుస్వారం, రెండవది తెలుగు అంకెల్లోని సున్న. ‘అ౦దరూ’ అని రాసినవారు అక్షరం బదులు అంకె రాశారు. మన లిపిలో పూర్ణబిందువుకూ, శూన్యానికీ ఒకే పేరు, ఒకే ఆకారం ఉండడం చూసి ఇంతకాలం మురిసిపోయాను. ఆ రోజు మురిసిపోలేదు. విసర్గ సంగతీ ఇంతే. ‘దుఃఖం’లో ఉండవలసినది 3075. చాలా చోట్ల ఉన్నది 58, ఇంగ్లీషు కోలన్. ఐత్వాన్ని 3144 అనే ఒక సంఖ్యగానూ రాయవచ్చు, 3142, 3158 అనే రెండు సంఖ్యలుగానూ రాయవచ్చు. ఈ చివరిదానికి మాత్రం యూనికోడ్‌లో సరిపోల్చే మార్గం ఉంది. తక్కిన రెంటికీ రాసినవారి మీద జాలిపడడమే మార్గం.

వీటన్నిటి కంటే కనిపించనిది, వెడల్పు లేనిది ఒకటి ఉంది. దాని సంఖ్య 8204. పొల్లు పక్కన పెడితే తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపుతుంది. ‘పైథాన్‌లో’ అని ఈ వ్యాసం నిండా రాశాను. నకారపు పొల్లుకూ లకారానికీ మధ్య అది ఉంది. లేకపోతే లకారం నకారం కింద వత్తుగా పడి చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషు మాటలు కలవని పాత తెలుగులో దీని అవసరం తక్కువ. ఇప్పుడు సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, కాలిఫోర్నియన్‌లు అన్నిటికీ ఇది కావాలి. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు, ఒకరు దాని బదులు ఖాళీ వదులుతారు. ఒక్క మాటకు మూడు వర్ణక్రమాలు, కంటికి తెలిసేవి రెండే. దీని అన్న 8205కు ఇంకో ఉద్యోగం ఇచ్చారు: రకారపు పొల్లు తర్వాత దాన్ని పెడితే పాత అచ్చుపుస్తకాల్లోని వలపలగిలక వస్తుంది. పాత ముద్రణను ఉన్నదున్నట్టు ఎక్కించిన ‘ధర్మము’, మనం రాసే ‘ధర్మము’ ఆ ఒక్క సంఖ్య వల్ల వేరువేరు మాటలవుతాయి.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చిన తెలుగు అక్షరం గురించి వార్తాపత్రికలన్నీ రాశాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. అసలు వరుస 3100, 3149, 3102, 8204, 3134. జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత కనిపించని విడదీత, చివర దీర్ఘం. ఆ చోట 8204తో ఏ పనీ లేదు, రాసే తెలుగువాడెవడూ అక్కడ పెట్టడు. పెట్టినా ఫోను కూలవలసిన పని లేదు. కొద్ది రోజుల్లో ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. అప్పటి వార్తల్లో నన్ను బాధించినది ఫోను లోపం కాదు. తెలుగు అక్షరాన్ని ఏదో విషపు మొక్కలా వర్ణించిన ధోరణి బాధించింది. లోపం అక్షరాన్ని గీసే ప్రోగ్రాములో ఉంది. జ్ఞానం అన్న మాట ఎన్నో ఏళ్ళుగా అదే ఫోన్లలో నిక్షేపంగా ఉంది.

మా అమ్మాయి ప్రోగ్రాము విషయం చెప్పి ముగిస్తాను. 3134 మొదలు 3149 వరకు ఉన్న సంఖ్యలనూ, సున్న విసర్గలనూ ముందున్న దానితో కలిపి గుంపులు చేసి, గుంపులను తిప్పమన్నాను. వికటకవి నెగ్గింది. పులుపు, కునుకు, మిసిమి, కిటికి, నందనం అన్నీ నెగ్గాయి. ముత్యము ఓడిపోయింది, ‘ముయత్ము’ అయింది. సరిగ్గా 2022 వరకు యూనికోడ్ చేసిన పొరపాటే పదమూడేళ్ళ పిల్లా చేసింది. పొల్లు తర్వాతి హల్లునూ గుంపులో కలిపాక ముత్యము కూడా నెగ్గింది. పొల్లు తర్వాత 8204 వచ్చిన మాటలను ఏం చెయ్యాలన్నది మాత్రం మా ఇద్దరికీ ఇంకా తేలలేదు. కనిపించనిదాన్ని ముందే తీసెయ్యమని తనంటుంది. తీసేస్తే పొల్లు వత్తయిపోతుంది, లెక్క మారుతుంది, ఉంచమని నేనంటాను. ప్రోగ్రాము ప్రస్తుతం ముప్ఫై పంక్తులుంది.